విషయసూచిక ప్రకారం బాస్కెట్‌బాల్

మా జిల్లాలో బాస్కెట్‌బాల్‌కు చరిత్ర లేదన్న సంగతి మొట్టమొదట కనిపెట్టినవారు క్రీడాభ్యుదయ మండలి చైర్మన్ పరిమి త్రినాథం గారు. అంతవరకూ ఆ లోటు మాకు తెలీదు. సాయంత్రమైతే మునిసిపల్ హైస్కూలు కోర్టులో ఆడుకునేవాళ్ళం, చీకటి పడితే ఇళ్ళకు పోయేవాళ్ళం. చరిత్ర లేకుండా ఇన్నేళ్ళు ఎలా బతికామో తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

నా పేరు దాసు. మునగలపేట హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని, ఊళ్ళో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్‌ని. ఆ జట్టులో పిల్లి వెరోనిక అని ఓ పొడుగుపిల్ల ఉంది. వాళ్ళమ్మ సలోమి చేపల మార్కెట్లో రొయ్యలూ చేపలూ అమ్ముతుంది. వెరోనిక చెయ్యెత్తితే రింగు తగులుతుందని ఊళ్ళో చెప్పుకుంటారు. తగలదు గానీ, తగిలినంత పనీ అవుతుంది.

ఆ వేసవిలో రైల్వే మహిళా జట్టు కోచ్ జయమణి గారు ఏదో పెళ్ళికి మా ఊరొచ్చి, కోర్టు పక్కనుంచి పోతూ పోతూ ఆగిపోయారు. మా పిల్ల బంతి వెయ్యడం కాసేపు చూశారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"ఒక్కత్తీ నిలబడి వేస్తే ఎవరైనా వేస్తారు మాస్టారూ. అవతలివాళ్ళు మీద పడుతుంటే ఎలా ఆడుతుందో చూడాలి. సరైన లీగ్ మ్యాచ్ ఒక్కటి పెట్టించండి, నేనే వచ్చి చూస్తాను. నచ్చితే ఉద్యోగం. కానీ జూన్ ఆఖరుకి ఈ పిల్లకి వయసు దాటిపోతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఒక్క మ్యాచ్! అదెంత పని అనుకున్నాను. నా మొహం, నాకేం తెలుసు? సరిగ్గా అదే వారం త్రినాథం గారు అధ్యయన యాత్ర ముగించుకుని జపాన్ నుంచి దిగారు.

దిగిన మర్నాడే మండలి హాల్లో మీటింగు. నాలుగు ఊళ్ళ జట్ల కోచ్‌లనూ పిలిచారు. బల్లమీద రుబ్బురోలు పొత్రమంత పుస్తకం ఒకటుంది. దానికి పసుపు, కుంకుమ, ఓ చామంతి దండ.

"సోదర సోదరీమణులారా! ఉత్తర జపాన్ ద్వితీయ శ్రేణి బాస్కెట్‌బాల్ లీగ్ వారితో మన మండలి సోదర ఒప్పందం కుదుర్చుకున్నదని తెలియజేయుటకు మిక్కిలి సంతసిస్తున్నాను. మొదటి శ్రేణి వారికి కూడా వ్రాశాం. వారు జవాబివ్వలేదు. ద్వితీయ శ్రేణి వారు సకాలంలో స్పందించారు. కావున ద్వితీయ శ్రేణియే మనకు ఆదర్శప్రాయం."

నాకు ఊరుకునే గుణం ఉంటే ఇంత చాకిరీ ఎందుకు? లేచాను.

"మనకి మొదటి శ్రేణి లేదు కదండీ, రెండోది ఎలా పెడతాం?"

"దాసు గారూ, మన లీగ్ విశిష్టతే అది. మన పైన ఎవరూ ఉండరు. అయినప్పటికీ మనం ద్వితీయులమే. వినయం అంటే అదీ."

హాలంతా చప్పట్లు కొట్టింది. వినయం మీద మనవాళ్ళకి మహా మోజు.

ఆ పుస్తకం సదరు లీగ్ వారి నలభై ఏళ్ళ చరిత్ర. అంతా జపాను భాష. జపాన్‌లో నర్సు ఉద్యోగానికని ఆ భాష నేర్చుకుని, వీసా కోసం ఎదురుచూస్తున్న మీనాక్షి అనే అమ్మాయిని అనువాదానికి పిలిపించారు. పుస్తకం తిరగేసి ఆ అమ్మాయి ఆర్నెల్లు గడువడిగింది. చైర్మన్ గారు మధ్యాహ్నం భోజనాల దాకా ఇచ్చారు. విస్తళ్ళు వేసేవేళకి పాపం ఆ పిల్ల విషయసూచిక మాత్రం పూర్తి చెయ్యగలిగింది.

"చాలు!" అన్నారు త్రినాథం గారు. "సారాంశం ఎప్పుడూ విషయసూచికలోనే ఉంటుంది. పెద్ద పెద్ద నివేదికలన్నీ నేను అలాగే చదువుతాను."

అధ్యాయాలు ఏడు. స్థాపన, చీలిక, దివాలా, మంచు తుపాను, నిషేధం, ఏకీకరణ, స్వర్ణయుగం. బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించి, చూపుడుకర్ర పట్టుకుని నిలబడ్డారు.

"ఏడు మెట్లు. ఏడో మెట్టున స్వర్ణయుగం. కింది మెట్టు ఎక్కకుండా పై మెట్టు ఎక్కగలమా? జపాన్ వారు ఈ ఆరు దశలనూ క్రమశిక్షణతో దాటబట్టే ఈనాడు వారి హాళ్ళు క్రిక్కిరిసి ఉన్నాయి. వారికి నలభై ఏళ్ళు పట్టింది. మన పట్టుదల వేరు. ఒక్క వేసవిలో పూర్తి చేస్తాం."

"మరి ఆటండీ? మ్యాచ్‌లు ఎప్పుడండీ?" అన్నాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని బోర్డు మీద పైనుంచి కిందికి, కిందనుంచి పైకి వేలుపెట్టి వెతికారు. నిజాయితీగానే వెతికారు, అన్యాయం ఆడకూడదు.

"లేదండీ. ఆట అనే అధ్యాయం ఎక్కడా కనబడుట లేదు. ఉన్నట్లయితే తప్పక పాటించేవాళ్ళం."

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది: లీగ్ దశలకు వెలుపల జిల్లాలో ఏ కోర్టులోనూ బంతి నేలకు తగలరాదు. కోర్టుల తాళాలన్నీ మండలికి వెళ్ళిపోయాయి.

జపాన్‌లో జట్లకు ఊరి పేరు, ఊరి ప్రత్యేకత, ఓ వీరత్వపు మాట కలిపి పేర్లు పెడతారట. మాకూ పెట్టారు. మేము మునగలపేట వీర బొమ్మిడాయిలం. పక్క ఊరు చింతలంక ఉగ్ర పనసలు. మిగతా రెండూ కోటిపాలెం రౌద్ర కాజాలు, దొరలపాడు ధీర తేగలు. బనియన్ల మీద బొమ్మిడాయి బొమ్మ చూసి సలోమి మురిసిపోయింది.

"అచ్చం నిన్న నే అమ్మిన చేపలాగే ఉందండి మాస్టారూ. మీసాలు కూడా ఏశారు."

మొదటి దశ, స్థాపన. షామియానాలు, సన్నాయి మేళం, నాలుగు జట్ల కవాతు. జయమణి గారికి ఫోను చేశాను, ఆవిడ పొద్దున్నే రైలు దిగి ముందు వరసలో కూర్చున్నారు. వెరోనిక రాత్రంతా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి. ఉపన్యాసాలయ్యాయి. చైర్మన్ గారు కోర్టు మధ్యలో నిలబడి రెండు చేతులతో బంతిని పైకెగరేశారు. వెరోనికా, పనసల కెప్టెనూ ఎగిరారు. ఇద్దరి చేతులూ తగలకముందే పైనుంచి ఎవరో వల వేసి బంతిని పట్టేశారు. చేపలు పట్టే వలే.

"స్థాపన సంపూర్ణం!" అని మైకులో చాటింపు. బంతిని అద్దాల పెట్టెలో పెట్టి, తాళం వేసి, దానిమీద 'చారిత్రక బంతి' అని చీటీ అంటించారు.

"మ్యాచ్ ఏదీ?" అన్నారు జయమణి గారు.

"స్థాపన అనగా స్థాపన మేడమ్. స్థాపించిన రోజునే ఆడేస్తే ఇక దశలెందుకు?" అన్నారు చైర్మన్ గారు, ఎంతో ఓపిగ్గా.

ఆవిడ నావైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. రైలు టైముందని వెళ్ళిపోయారు. వెరోనిక మాత్రం అద్దాల పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"మాస్టారూ, ఆ బంతిలో గాలి తగ్గిపోద్దండి, అలా వదిలేస్తే," అంది. దానికి ఉద్యోగం బెంగకన్నా బంతి బెంగ ఎక్కువ.

రెండో దశ చీలిక. అందులో చిక్కేమిటంటే మాకెవరికీ ఎవరితోనూ తగాదా లేదు. చింతలంక కోచ్ నా చెల్లెలి మావగారు. కోటిపాలెం వాళ్ళు వచ్చినప్పుడల్లా కాజాల పెట్టె తెస్తారు. పదో తారీకులోగా తగవుపడాలని మండలి గడువు పెట్టింది. తొమ్మిదో తారీకుదాకా ఒకళ్ళనొకళ్ళం మర్యాదగా పలకరించుకుంటూనే ఉన్నాం. చివరికి చైర్మన్ గారే తగవు మంజూరు చేశారు. టిఫిన్‌లో ఉప్మా పెట్టాలని ఒక వర్గం, పెసరట్టు పెట్టాలని ఒక వర్గం. బొమ్మిడాయిలూ, కాజాలూ ఉప్మా లీగ్. పనసలూ, తేగలూ పెసరట్టు లీగ్. ఈ లీగ్ వాళ్ళు ఆ లీగ్ వాళ్ళతో ఆడితే జీవితకాలం బహిష్కారం.

పిల్లలంతా పెసరట్టు వర్గంలోకి పోతామని ఏడ్చారు. అది వేరే కథ.

రెండు లీగ్‌లకూ ఇద్దరు అధ్యక్షులు కావాలి కదా. ఆ పదవికి తగినవారు జిల్లాలో త్రినాథం గారు ఒక్కరే ఉండటం వల్ల, రెండూ ఆయనే తీసుకున్నారు. ఆయన పని ఎప్పుడూ మనస్ఫూర్తిగా చేస్తారు. ఉదయం ఉప్మా లీగ్ అధ్యక్షుడి హోదాలో ఎర్రసిరాతో ఘాటుగా ఓ ఉత్తరం రాసేవారు. మధ్యాహ్నం పక్క గదిలోకి వెళ్ళి, పెసరట్టు లీగ్ అధ్యక్షుడి హోదాలో ఆ ఉత్తరం చదువుకుని, ముఖం ఎర్రబడి, ఆకుపచ్చ సిరాతో జవాబు రాసేవారు. నాలుగు రోజులయ్యేసరికి వ్యవహారం బాగా ముదిరింది.

"మ్యాచ్ సంగతి ఆ లీగ్ అధ్యక్షుల వారితో ఒక్కసారి మాట్లాడండి సార్, పిల్ల భవిష్యత్తు," అని బతిమాలాను.

"ఆయనతో నాకు మాటల్లేవండీ," అన్నారు. "నన్ను ఎంతమాట అన్నాడో మీకు తెలియదు."

ఇంటికొచ్చి నా భార్యకి చెబితే, వంటింట్లోంచి పకపకా నవ్వి, "ఆయన భార్యనడగండి, ఇద్దర్లో ఎవరికి అన్నం పెడుతోందో!" అంది.

మూడో దశ దివాలా. లీగ్‌కో జట్టు చొప్పున దివాలా తియ్యాలి. కోటిపాలెం కాజాలు బుద్ధిగా ఒక్క వారంలో తీసేశారు. దొరలపాడు తేగల దగ్గర మాత్రం పొరపాటు జరిగిపోయింది. దివాలాకి మండలి ఇచ్చిన సొమ్ముతో వాళ్ళ మేనేజరు బస్టాండులో నిజంగానే తేగలు ఉడకబెట్టి అమ్మించాడు. లాభం వచ్చింది. లీగ్ చరిత్రకు ద్రోహం తలపెట్టావని నోటీసిచ్చి, జట్టును రద్దు చేశారు. తేగలు మాత్రం చాలా బాగున్నాయి. రెండు కట్టలు నేనే కొన్నాను.

ఇప్పుడు ఉప్మా లీగ్‌లో ఒక్క జట్టు, మేము. పెసరట్టు లీగ్‌లో ఒక్క జట్టు, పనసలు. ఎవరి లీగ్‌లో వాళ్ళం చాంపియన్లం. ఇద్దరికీ కప్పులిచ్చారు. ఆడటానికి ఎదుట జట్టు లేకపోవడం వల్ల ఓటమి అనేదే లేదు. చైర్మన్ గారు దీన్ని ద్వితీయ శ్రేణి విజయం అన్నారు. వెరోనిక ఆ కప్పు తీసుకెళ్ళి అమ్మకిస్తే, సలోమి అందులో చిన్నరొయ్యలు కొలుస్తోంది.

జూన్ రెండో వారం దాటింది. నాలుగో దశ మంచు తుపాను.

మునగలపేటలో జూన్ అంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాకులు కూడా కొళాయిల దగ్గర క్యూ కడతాయి. ఇక్కడ మంచు ఎక్కడిదండీ అంటే, "సంకల్పం ఉండాలి," అన్నారు త్రినాథం గారు. సంకల్పం చేపల మార్కెట్ వెనక ఐసు ఫ్యాక్టరీలో దొరికింది. తెల్లారేసరికి లారీల మీద ఐసు దిమ్మలు దిగాయి. కూలీలు గునపాలతో పొడి చేసి కోర్టంతా పరిచారు. రొయ్యలకని తయారైన ఐసు కావడంతో కోర్టంతా నీచు వాసన. ఊళ్ళో ఉన్న పిల్లులన్నీ హాజరు. మండలి సిబ్బంది ఉన్ని టోపీలు పెట్టుకుని, నిలువునా చెమటలు కారుస్తూ వణికారు. వణకమని ఉత్తర్వుంది.

ఈసారి తప్పకుండా మ్యాచ్ ఉంటుందని జయమణి గారిని మళ్ళీ రప్పించాను. ఎందుకంటే గోడమీద పోస్టర్ స్పష్టంగా ఉంది: 'ఉప్మా చాంపియన్ వర్సెస్ పెసరట్టు చాంపియన్, సమైక్య మ్యాచ్'. దానికింద చిన్నక్షరాలతో 'మంచు తుపాను కారణంగా రద్దగును' అని ఉన్న సంగతి నేను చూళ్ళేదు. ముందే అచ్చేశారు మహానుభావులు!

ఆవిడ కోర్టు గేటు దగ్గర నిలబడి, కాలి చెప్పుతో ఐసును ఓసారి కదిపి చూశారు.

"ఏంటిది మాస్టారూ?"

"మంచు తుపానండీ," అన్నాను. ఇంకేం చెప్పను?

ఇంతలో బజారువైపు నుంచి ఓ కేక. సలోమి! నెత్తిమీద ఖాళీ గంప, వెనక పదిమంది చేపలమ్మే ఆడవాళ్ళు.

"ఓరి మీ తుపాను తగలెయ్యా! మార్కెట్లో ఐసు ముక్క లేదు. నా రొయ్యలు ఉడికిపోతన్నాయి. ఎవడ్రా పట్టుకొచ్చింది?"

"అమ్మా, ఇది చారిత్రక మంచు..." అని ఎవరో గుమాస్తా మొదలుపెట్టాడు.

"నీ చరిత్ర నా గంపలో ఎయ్యి, ముందు!" అంది సలోమి. పావుగంటలో కోర్టుమీద తుపానంతా గంపల్లోకి ఎక్కి మార్కెట్‌కి పోయింది. మిగిలింది ఎండకి ఆరిపోయింది. కోర్టు అద్దంలా ఉంది. వెరోనిక ఆశగా చైర్మన్ గారి వైపు చూసింది. ఆయన వాచీ చూసుకుని, "రద్దు చేయబడినది," అన్నారు.

జయమణి గారు వెరోనిక భుజమ్మీద చెయ్యేశారు. "నేను ఇంక రాలేనమ్మా. ఈ నెలాఖరుకి పేర్లు పంపించెయ్యాలి. చూడకుండా రాయలేను, అలా రాయడం తప్పు."

"ఫరవాలేదండి," అంది వెరోనిక. అందిగానీ, ఆ రోజు ఇంటికెళ్ళేదారి పొడుగునా కనబడిన రాయినల్లా తన్నుకుంటూ నడిచింది. నాకు ఏడుపొచ్చింది, కోపం వచ్చింది, అన్నీ వచ్చాయి. ఇంత పెద్ద జిల్లాలో ఓ పిల్ల బంతి వేస్తుంటే ఎదురు నిలబడటానికి ఐదుగురు దొరకలేదంటే ఎవరితో చెప్పుకోను!

అయిదో దశ నిషేధం. అంతర్జాతీయ సంఘం వారు ఉత్తర జపాన్ లీగ్‌ని ఓ ఏడాది నిషేధించారట. మమ్మల్ని నిషేధించమని త్రినాథం గారు అదే సంఘానికి రాశారు. జవాబు లేదు. మళ్ళీ రాశారు. మీరెవరని అడిగారు. ఆయన మనసు చాలా కష్టపడింది.

"నిషేధానికి కూడా సిఫారసు కావాల్సిన రోజులొచ్చాయండీ," అని వాపోయి, ఎవరి మీదా ఆధారపడకుండా స్వయంగా నిషేధించుకోవాలని తీర్మానించారు. ఆహ్వానాలు వెళ్ళాయి: 'నిషేధ మహోత్సవమునకు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, నిషేధమును జయప్రదం చేయ ప్రార్థన'. ముఖ్య అతిథి ఉత్తర జపాన్ లీగ్ ప్రతినిధి కుబోతా గారు. గౌరవ అతిథుల్లో జయమణి గారి పేరు కూడా వేశారు. తేదీ జూన్ ఇరవై తొమ్మిది.

నేను ఆవిడకి ఫోను చేసి, "మ్యాచ్ ఉందని అబద్ధం చెప్పను. నిషేధమే. అయినా రండి, మీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాను.  ఆవిడ, "నిషేధానికి భోజనాలు పెడతారా?" అన్నారు. పెడతారన్నాను. వచ్చారు.

కుబోతా గారు సన్నగా, తెల్లజుట్టుతో, ఇస్త్రీ చొక్కా మీద కోటుతో ఉన్నారు. కారు దిగి నడుం వంచి నమస్కరించారు. చైర్మన్ గారు అంతకన్నా వంగారు. ఆయన ఇంకా వంగారు. మనవారు ఇంకా ఇంకా వంగి, ఆఖరికి ఇద్దరు మనుషులు పట్టి లేపితేగానీ లేవలేదు. ఆ వంకన అరగంట ఆలస్యమైంది.

రెండు జట్లనూ చెరో వైపు నిలబెట్టారు, నిషేధించడానికి వీలుగా. మధ్యలో బల్ల, బల్లమీద అద్దాల పెట్టె, పెట్టెలో బంతి. కుబోతా గారు కోర్టునీ, పిల్లల బూట్లనీ చూసి మీనాక్షితో ఏదో అన్నారు.

"మ్యాచ్ ఎన్నింటికని అడుగుతున్నారండి," అంది మీనాక్షి.

"మ్యాచ్ కాదని చెప్పమ్మా. వారి చరిత్రనే మేము తు.చ. తప్పకుండా పాటిస్తున్నామని చెప్పు. స్థాపించాం, చీలాం, దివాలా తీశాం, మంచు కురిపించాం. ఈరోజు నిషేధించుకుంటున్నాం. వారి ఆశీస్సులు కావాలి."

మీనాక్షి చెప్పింది. చెబుతున్నకొద్దీ కుబోతా గారి కనుబొమలు పైకి లేస్తూ పోయాయి. మంచు దగ్గరికొచ్చేసరికి ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. దండేసి ఉన్న ఆ పెద్ద పుస్తకాన్ని దగ్గరికి తీసుకుని, మధ్యలో ఎక్కడో తెరిచి మీనాక్షికి చూపించారు. పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. ఏ పేజీ చూసినా వరసలు వరసలుగా పేర్లు, అంకెలు.

"ఇవన్నీ మ్యాచ్‌లేనంటండి," అంది మీనాక్షి.  "నలభై ఏళ్ళూ ప్రతి శనివారం, ఆదివారం ఆడారంటండి. విడిపోయిన ఏడాది కూడా ఆడారంట. దివాలా తీసిన జట్టు జీతాల్లేకుండా ఆడిందంట. మంచు పడితే చూసేవాళ్ళే పారలు తెచ్చి ఎత్తిపోశారంట. నిషేధం ఏడాది కూడా ఊళ్ళో మ్యాచ్‌లు ఆగలేదంట."

"మరి విషయసూచికలో ఆట లేదే!" అన్నారు చైర్మన్ గారు.

మీనాక్షి అడిగింది. ముసలాయన నెమ్మదిగా ఇచ్చిన జవాబుని తెలుగులో చెప్పింది.

"ఆట ప్రతి పేజీలోనూ ఉంది కదా, దానికి వేరే సూచిక ఎందుకూ అంటున్నారండి. ఆఫీసులో చేసిన తప్పులు వెతికితే దొరకవని వాటికి మాత్రం అధ్యాయాలు పెట్టారంట. ఇంకెవరూ అలా చెయ్యకూడదని."

 త్రినాథం గారు కళ్ళు మూసుకున్నారు. ఇప్పుడు అర్థమైంది కదరా భగవంతుడా అనుకున్నాను. ఆయన కళ్ళు తెరిచారు. కళ్ళలో నీళ్ళు.

"పశ్చాత్తాపం!" అన్నారు. "ఎంత మహత్తర దశ! మనం మర్చేపోయాం. వ్రాసుకోండి. అయిదున్నరవ దశ, పశ్చాత్తాపం. వచ్చే నెల మొదటి వారంలో."

కుబోతా గారికి ఇది ఎవరూ అనువదించలేదు. అక్కర్లేకపోయింది. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించారు. మెళ్ళోంచి, చొక్కా లోపలినుంచి, నల్లతాడుకి కట్టిన విజిల్ ఒకటి బయటికి తీశారు.

"వారు ఆ లీగ్‌లో ఇరవై ఏళ్ళు రెఫరీ అంటండి," అంది మీనాక్షి. "అంతర్జాతీయ రెఫరీ కూడానంట. బంతి ఇమ్మంటున్నారు."

జయమణి గారు దిగ్గున లేచారు. "ఆయన విజిల్ వేస్తే అంతకన్నా అసలైన మ్యాచ్ ఇంకేం కావాలి? నేను చూస్తాను, వెయ్యమనండి."

పెట్టె తాళం చైర్మన్ గారి జేబులో ఉంది. విదేశీ అతిథి రెండు చేతులూ చాచి, నడుం వంచి, ఎదురుగా నిలబడితే ఏం చేస్తారు? ఇచ్చారు. బంతి కింద వేస్తే లేవలేదు. గాలి లేదు. "నే చెప్పలేదా మాస్టారూ!" అని వెరోనిక పరిగెత్తి సైకిలు పంపు తెచ్చి, ఈలలేసుకుంటూ గాలి కొట్టింది. కుబోతా గారు బంతి ఎగరేశారు. ఈసారి ఏ వలా రాలేదు.

అబ్బ, ఆ ఆట! మూడు నెలలు కట్టేసిన దూడల్ని గాట్లోంచి వదిలినట్టు ఉరికారు పిల్లలు. ఉప్మా లేదు, పెసరట్టు లేదు. చింతలంక పిల్లలు పనసకాయలకు తగ్గట్టే ఉన్నారు, తగిలితే గుచ్చుకునేలా. ముగ్గురు ముగ్గురు మా వెరోనిక మీద పడ్డారు. అది కిందపడింది, లేచింది, వేసింది. మళ్ళీ పడింది, మళ్ళీ వేసింది. చేపల మార్కెట్ మార్కెట్టంతా ప్రహరీ గోడెక్కి కూర్చుంది. నేను నా వయసు మర్చిపోయి బెంచీ మీద ఎగిరాను. బెంచీ విరిగింది.

సగం ఆట అయ్యేసరికి త్రినాథం గారికి తాము నిషేధం దశలో ఉన్నామన్న సంగతి గుర్తొచ్చింది. మైకు పట్టుకుని నేరుగా కోర్టు మధ్యలోకి నడిచారు.

"ఈ మ్యాచ్ చరిత్రకు విరుద్ధం! రెండు లీగ్‌ల అధ్యక్షుల హోదాలో నేను..."

కుబోతా గారు విజిల్ ఊదారు. ఊరు ఊరంతా ఉలిక్కిపడేలా ఊదారు. రెండు అరచేతులూ ఆంగ్లాక్షరం టీ ఆకారంలో పెట్టి చూపించారు.

"టెక్నికల్ ఫౌలంటండి," అంది మీనాక్షి. "ఆడుతుండగా కోర్టులోకి వచ్చినందుకు. ఏ జట్టు తరఫున వచ్చారని అడుగుతున్నారు. ఎదుటి జట్టుకి ఫ్రీ త్రో ఇవ్వాలంట."

చైర్మన్ గారు ఆలోచించారు. అబద్ధమాడే మనిషి కాదు.

"ఇరు లీగ్‌లకూ నేనే," అన్నారు.

కుబోతా గారు కాసేపు తల గోక్కుని, రెండు జట్లకూ చెరో ఫ్రీ త్రో ఇచ్చారు. గోడమీద జనం నవ్వలేక చచ్చారు. వెరోనిక వేసింది, పనసల కెప్టెనూ వేసింది. త్రినాథం గారు ఎర్రసిరా కలంతో ఒకటి, ఆకుపచ్చ సిరా కలంతో ఒకటి రెండు నిరసనలు రాసుకుంటూ బయటికి నడిచారు.

ఆఖరి నిమిషం. మేము ఒక్క పాయింటు వెనక. బంతి వెరోనిక చేతిలో, రింగు కింద. పనసలు ముగ్గురూ మీదికొచ్చేశారు. వెయ్యవే, వెయ్యవే తల్లీ, నీ ఉద్యోగం అదే, అని నేను గొంతు చించుకున్నాను. అది వెయ్యలేదు. అవతల ఖాళీగా ఉన్న మా జట్టు పిల్ల చిట్టికి అందించింది. చిట్టి వేసింది. బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి బయటపడింది. విజిల్ మోగింది.

ఓడిపోయాం. చిట్టి నేలమీద కూలబడి ఏడుస్తోంది. వెరోనిక పక్కన కూర్చుని దాని వీపు రాస్తోంది. నేను జయమణి గారి దగ్గరికి వెళ్ళాను, తల ఎత్తలేక.

"అదొక్కటీ తనే వేసుంటే బావుండేదండీ," అన్నాను.

"తనే వేసుంటే తీసుకునేదాన్ని కాదు," అన్నారావిడ. "గోడ కూలినట్టు ముగ్గురు మీద పడుతుంటే ఖాళీగా ఉన్న మనిషి కనబడింది చూడండి, నాకు కావలసింది ఆ కళ్ళు. ఒకటో తారీకు పొద్దున్న రైలెక్కించండి."

గోడ దిగి సలోమి పరిగెత్తుకొచ్చింది. "గెలిచావటే?"

"ఓడిపోయానమ్మా. ఉద్యోగం వచ్చింది."

"ఓడిపోతే ఉద్యోగమిత్తారా!" సలోమి నోటిమీద చెయ్యేసుకుంది. "అలాగైతే మీ నాన్న ఈపాటికి కలెక్టరయిపోవాల్సింది కదే!" అని, నవ్వుతూ నవ్వుతూనే భోరుమంది.

వెరోనిక ఇప్పుడు రైల్వేకి ఆడుతోంది. మా లీగ్ కూడా బ్రహ్మాండంగా ఉంది. ఆ సాయంత్రం జనాన్ని చూసి, స్వర్ణయుగం నిర్ణీత సమయానికి ముందే వచ్చేసిందని మండలి ప్రకటించింది. ఏకీకరణ దశ మిగిలిపోకూడదని త్రినాథం గారు తనతో తాను రాజీపడి, శాలువా ఒకటి కప్పుకున్నారు. మొన్నామధ్య మా లీగ్ చరిత్ర అచ్చయింది, అట్ట మీద ఆయన ఫొటోతో. విషయసూచికలో ఎనిమిది అధ్యాయాలున్నాయి, పశ్చాత్తాపంతో కలిపి. ఆ మ్యాచ్ అందులో లేదు. లోపల కూడా లేదు, నేను పేజీ పేజీ చూశాను.

నిన్న పక్క జిల్లా నుంచి నాకు ఫోనొచ్చింది. అక్కడి మండలి చైర్మన్ గారట, గొంతు నిండా ఉత్సాహం.

"మాస్టారూ, మీ చరిత్ర చూశామండి. అద్భుతం. మేమూ ఒక్క వేసవిలో పూర్తి చేద్దామనుకుంటున్నాం. తగవుకి ఉప్మా ఖాయం చేసేశాం. ఆ ఐసు మాత్రం ఎక్కడ తెప్పించారో చెబుతారా?"

నేను ఆయనతో వాదించలేదు. ఐసు ఫ్యాక్టరీ నంబరు ఇచ్చాను. సలోమి నంబరు కూడా ఇచ్చాను, తుపాను ఎత్తించడానికి మనిషి కావాలి కదా. ఆయన ఫోను పెట్టేస్తుంటే మాత్రం ఆపి ఒక్క మాట చెప్పాను.

"అన్నీ చెయ్యండి సార్, తప్పులేదు. బంతికి మాత్రం తాళం వెయ్యకండి. గాలి పోద్ది."